గాలానికి నెమలి చుట్టం

మా పావగడ తాలూకా తిరుమణిలో గాలమంటే వానపాము ఎర, జొన్నసొప్ప బెండు, అంతే. మా ఎండకు ట్రౌట్ చేప బతకదు. దానికి చల్లటి ఏళ్లు కావాలి, ఎర కూడా దొంగదే కడతారు. నీటి అడుగున పెరిగే పురుగుపిల్ల పేరు నింఫ్. ఇంగ్లండులో ఏవన్ ఏటి కాపరి ఫ్రాంక్ సాయర్ నూలుపోగు లేకుండా, నెమలికి చుట్టమైన ఫెజెంట్ తోక ఈకలను సన్నని రాగితీగతో కొక్కేనికి చుట్టి దాన్ని చేశాడు. 1958లో నింఫుల మీద పుస్తకమూ రాశాడు. రాగి బరువుకు ఎర మునుగుతుంది. మోసం తెలిసిన చేప చటుక్కున ఉమ్మేస్తుంది. గాలపు దారం కాస్త ఆగిందా, లాగాల్సిందే.

అమెరికాలో మా మనవడు ఇవి చక్కగా కడతాడు. గాలం, ఎర, బెండు అన్న మాటలే వాడికి రావు. మొన్న ఫోనులో ఆ మూడూ చెప్పాను. మీ పిల్లలకూ చెప్పండి.