సంగీత ప్రసంగము: ఆపెరా బృందగానము

మన బాలికలనేకులు నేడు ఇంగ్లండు, అమెరికా దేశముల విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. శాస్త్రమో గణితమో చదువుటకు పోయిన పిల్ల, సాయంకాలములందు ఆపెరా సంఘమున చేరి పాటలు నేర్చుచున్నానని తెలిపినచో తల్లి దిగులుపడుట సహజము. ఆ విద్య యెట్టిదో తెలిసినచో ఆ దిగులు కొంత తగ్గగలదని యీ నెల దానినిగూర్చి వ్రాయుచున్నాను.

ఆపెరా యనగా సంగీతమే ప్రధానముగా నడచు పాశ్చాత్య నాటకము. నాయికానాయకులు విడిగా పాడుదురు. పురజనులు, సైనికులు, బందీలు మున్నగువారి పాటలను గుంపుగా పాడువారిని కోరస్ అందురు. నాయిక పాత్రకు ఏండ్ల తరబడి శిక్షణ కావలయును. కోరస్‌లో చేరుటకు ఓపిక, మంచి చెవి, శ్రుతి తప్పని గొంతు చాలును. విద్యార్థుల కీ ముచ్చట క్రొత్తది కాదు. పర్సెల్ రచించిన 'డైడో అండ్ ఈనియస్' 1689 నాటికే లండను చెంత చెల్సీలోని యొక బాలికల పాఠశాలలో ప్రదర్శింపబడెను. 1925లో ఆక్స్‌ఫర్డు విద్యార్థులు మోంటెవెర్డి రచించిన 'ఓర్ఫెయో'ను ఆడిరి.

కోరస్‌లో నాలుగు వరుసలుండును. స్త్రీలలో హెచ్చు స్థాయి గొంతులు సొప్రానో, తగ్గు స్థాయివి ఆల్టో. పురుషులలో టెనర్, బాస్. ఈ నాలుగును ఏకకాలమున వేర్వేరు స్వరములు పాడును. మన సంగీతమున ఎందరు కలిసి పాడినను అందరి వరుస యొక్కటే. కావున మన పిల్లకు మొదటి కష్టము ఇచ్చటనే కలుగును. ప్రక్కవారి స్వరము తన స్వరమును లాగికొని పోవును. గమకమును కూడ విడిచి, స్వరమును కదలక నిలుపవలెను. ఆల్టోలో చేరిన బాలికకు మరియొక నిరాశ కలదు. ఆమె వరుస తరచుగా రెండు మూడు స్వరముల నడుమనే తిరుగుచుండును. గదిలో ఒంటిగా సాధన చేసినపుడు అది పాటవలెనే తోపదు. నాలుగు వరుసలును కలిసిన దినముననే దాని విలువ తెలియును.

నేర్పు క్రమ మిట్టిది. తొలుత పియానో సాయమున ఒక్కొక్క వరుసకు విడిగా స్వరములు నేర్పుదురు. పిదప మాటలు. ఇటాలియన్ పదములు మన పదములవలె పెక్కులు అచ్చులతో ముగియును. ద్విత్వాక్షరములను ఒత్తి పలుకుటయు మనకు అలవాటే. కావున ఆ భాష తెలుగు నోటికి లొంగును. ముక్కుతో పలుకవలసిన ఫ్రెంచి అచ్చులకు మాత్రము శ్రమపడవలయును. దీర్ఘమైన చరణమున అందరును ఒక్కమారు ఊపిరి తీసినచో నాదము తెగును; అందుచే ప్రక్కప్రక్కల వారు వేర్వేరు చోట్ల ఊపిరి తీసికొందురు. ఆ తావులను పుస్తకమున పెన్సిలుతో గుర్తించుకొందురు. అంతయు కంఠస్థమైన పిమ్మట పుస్తకము విడిచి, రంగముపై నడచుచు, చేతి పని చేయుచు, కడకంట నాయకుని చేతిని గమనించుచు పాడుట నేర్తురు.

ఇందలి కష్టమునకు మూడు దృష్టాంతములు చాలును. 1842లో మిలానులో వెలువడిన వెర్డి 'నబుక్కో'లో బందీల పాట అందరును ఒకే వరుసగా, మెల్లని గొంతుతో ఆరంభింతురు. పెక్కుమంది కలిసి మెల్లగా పాడుట, బిగ్గరగా పాడుటకంటె కష్టతరము. 1904 నాటి పుచ్చీని 'మదామా బటర్‌ఫ్లై'లో నాయిక భర్తకై రేయెల్ల వేచియుండగా, కోరస్ వారు తెరచాటున పెదవులు మూసి రాగము తీయుదురు. ప్రేక్షకులకు వారి ముఖములైన కనబడవు. 1875లో పారిసులో బిజే 'కార్మెన్'కు సాధన జరుగునపుడు, వరుసగా నిలిచి పాడుటకే అలవడిన కోరస్ స్త్రీలు, కదలుచు కలహించుచు పాడుట తమచేత కాదని మొఱపెట్టిరి. అట్టి పాటనే నేటి విద్యార్థినులు చదువు నడుమ నేర్చుచున్నారు.

ప్రదర్శనము దగ్గరపడిన కొలది సాధన హెచ్చును. పరీక్షలును అప్పుడే రావచ్చును. కావున వలదని కోపించుటకంటె, ప్రదర్శన మెన్నడు, పరీక్ష లెన్నడని ముందుగనే యడుగుట మేలు. రెండును ఒక్క వారమున పడినచో ఆ మారు మానుమని చెప్పవచ్చును. గొంతు బొంగురుపోయిన దినమున పాడవలదనియు చెప్పుడు.

ఈ విద్యవలన ఆమెకు పేరు రాదు. ప్రదర్శన పత్రమున కోరస్ వారి పేర్లు చిన్న యక్షరములతో చివర నుండును. ఇతరులు వేరు స్వరము పాడుచుండగా వారిని మించి అరవక, తన స్వరమును తప్పక నిలుపుట మాత్రము ఆమెకు అలవడును. నలుగురున్న యింటిలో ఈ గుణమున కెంత యక్కర కలదో మీకు నేను చెప్పనేల? సెలవులకు వచ్చినపుడు కుమార్తెను తన వరుస పాడుమని కోరుడు. అది పాటవలె తోపకున్నను నవ్వక, కడవరకు వినుడు.