బడిలో ఏ భాషో సర్కారు చెప్పాల్నా?

మన బలగంలో పెద్దోళ్లు ఒక మాట తరచుగా అంటుంటారు. సర్కారు గట్టిగా ఉంటేనే భాష నిలుస్తుందట. భాష మీద ప్రేమతోనే అంటారు, మాకు తెలుసు. అయినా మేము ఒప్పుకోము.

1994 ఏప్రిల్‌లో కర్ణాటక సర్కారు ఒక ఆదేశం తెచ్చింది. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పాఠాలు మాతృభాషలో గానీ కన్నడలో గానీ చెప్పాలి. తన బడుల్లో అయితే సరే అనుకోవచ్చు. తాను ఒక్క పైసా ఇవ్వని ప్రైవేటు బడులకు కూడా అదే రూలు పెట్టింది. అవ్వతో తెలుగు, వీధిలో కన్నడ, అంగడిలో తమిళం మాట్లాడే మాలాంటి ఇండ్లలో మాతృభాష ఏదో ఏ అధికారి రాస్తాడు? కేసు ఏండ్ల తరబడి నడిచింది. ప్రైవేటు బడుల మీద ఆ రూలు చెల్లదని 2008లో హైకోర్టు చెప్పింది. 2014 మే 6న సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు కూడా అదే అన్నారు. ఏ భాషలో చదవాలో ఎంచుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛలో భాగం, పిల్లల మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులే అన్నారు. పిల్లలకు మేలని సర్కారు అనుకున్నంత మాత్రాన బలవంతం చేయకూడదన్న మాటా ఆ తీర్పులో ఉంది. మాకు అన్నిటికంటే నచ్చింది అదే. మేలు చేస్తామని చెప్పకుండా ఏ సర్కారు మన ఇంట్లోకి వచ్చింది గనక!

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రూలు మంచిదో కాదో చూడాలంటే ఇన్‌పుట్ మార్చి నడిపిస్తాం. ఇక్కడ ఆ టెస్టు ఆంధ్ర సర్కారే చేసి చూపించింది. 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమే అని జీవోలు ఇచ్చింది. అప్పుడు మన పెద్దోళ్లే "తెలుగును చంపేస్తున్నారు, అడిగే హక్కు లేదా" అని కోపం చేసుకున్నారు. 2020 ఏప్రిల్ 15న అక్కడి హైకోర్టు ఆ జీవోలు కొట్టేస్తే సంతోషపడ్డారు. మరి కర్ణాటక ఆదేశాన్ని మెచ్చుకున్నదీ వాళ్లే కదా? రెండు చోట్లా అధికారం ఒక్కటే, భాషే మారింది.

ఇష్టం అనేది డబ్బున్నోళ్లకే కదా అని ఒక మామ అడిగాడు. నిజమైన ప్రశ్నే. అక్కడే సర్కారుకు పని ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించమని 1956లో చేర్చిన 350ఎ అధికరణం చెబుతుంది. సౌకర్యం అంటే టీచరు, పుస్తకం, గది. మా వైపు ఊళ్లలో తెలుగు టీచరు రిటైరైతే ఆ కుర్చీ ఏండ్లకేండ్లు ఖాళీ. బలవంతానికి ఒక కాగితం చాలు, సౌకర్యానికి జీతాలు ఇవ్వాలి. అందుకే మొదటిది త్వరగా వస్తుంది.

మేము చదివింది కన్నడ మీడియం. మా నాయన ఎంచి వేశాడు, ఎవరూ ఆర్డరు వేయలేదు. కన్నడ మాకు అన్నం పెట్టిన భాష, ఈ నేల మీద ఉన్నోళ్లు అది నేర్చుకోవాల్సిందే అంటాం. ఒక భాషను సబ్జెక్టుగా నేర్పడం వేరు, మిగతా సబ్జెక్టులన్నీ ఆ భాషలోనే చదవమనడం వేరు.

వచ్చే జూన్‌లో మా పాపను బడిలో వేయాలి. అవ్వ తెలుగంటుంది, మేము కన్నడ అంటాం, పాప వాళ్ల అమ్మ ఇంగ్లీషంటుంది. ఆ జగడం మా ఇంట్లోనే తెగనీయండి.