చెట్టునకు చట్టము, చెట్టెక్కువానికేది?

తుపాను వెడలిన మఱునాటి ఉదయమున మన తీరపు పట్టణములలో మొట్టమొదట వినవచ్చు ధ్వని గొలుసురంపముదే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి వీథుల నిండ మహావృక్షములను పడగొట్టినప్పుడును, 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురము చెంత తీరమును దాటినప్పుడును, మూసికొనిపోయిన దారులు తెఱచుకొనుటకు తోడ్పడినది ఈ యంత్రమును, దానిని చేతబట్టిన పనివాడును. తుపాను నష్టమును ఎకరములలోను, రూపాయలలోను లెక్కించు మనము ఈ పనివానిని గూర్చి ఎన్నడైన ఆలోచించితిమా? మన రెండు రాష్ట్రములందును చెట్టును కాపాడుటకు చట్టము కలదు. చెట్టెక్కి కోయువానిని కాపాడునదేది? ఇదియే నేటి మా ప్రశ్న.

గొడ్డలియు, ఇద్దఱు కూడి లాగు రంపమును మన గ్రామములలో వెనుకబడి చాల యేండ్లు కాలేదు. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టిల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుచే నడచు గొలుసురంపమును సిద్ధపఱచెను. దానిని పట్టుటకు ఇద్దఱు మనుష్యులు కావలసియుండిరి. నేడు ఒక్కడు సులభముగా ఎత్తగల పెట్రోలు రంపములు చిన్న పట్టణములందలి దుకాణములలోను దొరకుచున్నవి. జామాయిలు, సుబాబుల్ తోటలు గల రైతులకును, ముసలి మామిడిచెట్లను తొలగింపవలసిన వారికిని దీని ఉపయోగమును మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. పూటంతయు పట్టు పని గడియలో ముగియుచున్నది. ఈ లాభమును కాదనుట అవివేకము. కాని యంత్రము వచ్చినంత వేగముగా దానివెంట రావలసిన విద్య రాలేదు. కష్టమంతయు ఇందే యున్నది.

ఈ రంపపు గొలుసు సెకనుకు ఇరువది మీటర్ల వేగమున పరుగెత్తును. దానిని మోయు పలక కొనయొక్క పైభాగము కొయ్యకు తగిలెనా, రంపము తటాలున వెనుకకు లేచి పట్టినవాని ముఖముపైకి వచ్చును. ఱెప్పపాటులో జరుగు ఈ ఉపద్రవమును భుజబలము ఆపజాలదు. రెండు చేతుల పట్టు, నిలుచు తీరు, గొలుసును నిలుపు బ్రేకు, ఇవియే శరణ్యములు. గాలికి పడిన చెట్టు నిలిచిన చెట్టుకంటె మోసకారి. వంగి బిగిసిన కొమ్మలో ఒకవైపు లాగుడును, మఱియొకవైపు ఒత్తుడును ఉండును. ఏవైపు ముందు కోయవలెనో తెలియక కోసినచో అది వింటివలె తన్నును. ఇవి కనబడు అపాయములు. నూఱు డెసిబెళ్లకు మించిన చప్పుడు దినదినము చెవిని చెఱచును. ఏండ్ల తరబడి చేతికి తగులు అదురు వ్రేళ్ల రక్తనాళములను దెబ్బతీయగా, అవి తెల్లబాఱి స్పర్శ కోల్పోవును. ఈ నష్టములు ఏ ఆసుపత్రి లెక్కలకును ఎక్కకయే పనివాని ఇంటికి చేరును.

మన ఊళ్లలో ఈ పని జరుగు తీరు ఎవ్వరు చూడనిది? లుంగీ ఎగగట్టి, వట్టికాళ్లతోనో, రబ్బరు చెప్పులతోనో ఒకడు చెట్టెక్కును. నడుమున ఒక త్రాడుండిన ఉండును, లేకున్న లేదు. ఒక చేత కొమ్మను, మఱియొక చేత తిరుగుచున్న రంపమును పట్టును. కొమ్మల నడుమనుండి కరెంటు తీగ పోవుచుండును. లైను క్లియరు తీసికొనక ఆ చెట్టును ముట్టుట ప్రాణముతో చెలగాటము. అయినను, దానికొఱకు వేచియుండిన ఆ పూట కూలి పోవునని సాహసించువారు కలరు. క్రింద యజమాని నిలిచి మఱి నూఱు రూపాయలు తగ్గింపుమని బేరమాడుచుండును. చెట్టు గోడపై పడునేమో యన్న చింత అతనికి కలదు. మనిషి పడునేమో యన్న చింత ఎవరికిని కలదని తోచదు.

ఇతర దేశములలో ఈ పనిని ఎట్లు చేయుచున్నారో చూడుడు. బ్రిటనులో 1998 నాటి పనిముట్ల నిబంధనల ననుసరించి, తగిన శిక్షణ పొందనివానికి గొలుసురంపమును అప్పగింపరాదు. చెట్టుమీద దానిని వాడువాడు సామర్థ్యపత్రము కలవాడై యుండవలెనని అచ్చటి మార్గదర్శకములు కోరుచున్నవి. పనివాడు ఉదయమున ముందుగా చెట్టు చుట్టును తిరిగి, కుళ్లును, తీగలను, కొమ్మ పడు చోటును చూచును. పైన రంపము వాడునపుడు రెండు వేఱువేఱు ఆధారములకు తన్ను కట్టుకొనును. ఆపద కలిగిన వెంటనే పైకెక్కి దింపగలవాడొకడు నేలపై సిద్ధముగా నుండును. వాని కాలికవచములో పొడుగు నారల పొరలుండి, గొలుసు తగిలినంతనే ఆ నారలు చిక్కుకొని దానిని నిలుపును. ఇందులో మన పనివారు నేర్వజాలని రహస్యమొకటియు లేదు.

ఈ విద్య మనిషికే కాదు, చెట్టునకును రక్ష. వృక్షాయుర్వేదమను శాస్త్రమును కన్న దేశము మనది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930-2006) వేలకొలది చెట్లను కోసి పరీక్షించి, చెట్టు మన శరీరమువలె గాయమును మాన్పుకొనదనియు, కుళ్లు వ్యాపింపకుండ దాని చుట్టు గోడ కట్టుకొనుననియు నిరూపించెను. కావున కొమ్మను బోదెకు సమముగా చెక్కివేయుట తప్పు. మొదట నుండు ఉబ్బును విడిచి కోయవలెను. బరువైన కొమ్మను మొదట క్రిందనుండి కొంత, పిదప కొంచె మవతలగా పైనుండి కోసి దింపి, మిగిలిన మోడును మూడవ కోతతో తీయవలెను. లేనిచో బెరడు చీలి బోదె వెంట దిగును. గాయమునకు తారు పూయుటవలన మేలు లేదు. తల నఱికిన చెట్టు బలహీనమైన చిగుళ్లు వేయును. అవి పెరిగి రేపటి తుపానులో విఱిగి మన యిండ్లపైననే పడును. పని నేర్వనివాని చేతి చెట్టును, నేర్వని పని చేయువాని ప్రాణమును ఒక్క అపాయముననే యున్నవి.

ఇక చట్టము సంగతి. 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి చెట్టు కొట్టుటకు అధికారి అనుమతి పొందవలెను. ఇది మంచిదే. కాని కోయువానికి ఆ పని వచ్చునా అని అడుగువారు లేరు. వృత్తిభద్రతను గూర్చి పార్లమెంటు 2020లో చేసిన స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అది సాధారణముగా పదిమందియు, అంతకు మించియు పనిచేయు సంస్థలకు వర్తించును. చెట్లు కోయు ముఠాలో నుండువారు ముగ్గురో నలుగురో. వల పెద్దదే కాని, కన్నులంతకంటె పెద్దవి.

శిక్షణ, పత్రము అని నిర్బంధించిన పేదవాని కూడు పోవునని కొందఱు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అందుచేతనే ముందుగా నిషేధము గాక, నేర్పు కావలెనని మా అభిప్రాయము. ఐ.టి.ఐ.లలో కొలది దినముల శిక్షణను ఉచితముగా నేర్పాటుచేసి, నేడు పనిలో నున్నవారికే ముందు పత్రములిచ్చి, కాలికవచమును, శిరస్త్రాణమును, త్రాళ్లను ప్రభుత్వము సమకూర్చవలెను. పురపాలక సంఘములును, విద్యుత్ సంస్థలును తమ గుత్తలలో అట్టివారినే నియమింపవలెనను షరతు చేర్చినచో, మిగిలినవారు తామే నేర్చుకొందురు.

ప్రభుత్వము మేల్కొనువఱకు తోటల యజమానులును, గృహస్థులును చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. చెట్టెక్కువానికి త్రాడున్నదా, తీగలో కరెంటు ఆగినదా, క్రింద తోడున్నదా అని మూడు ప్రశ్నలు వేయుటకు చట్టమెందులకు? బేరములో తగ్గించు నూఱు రూపాయలు ఆ త్రాటి వెల కావచ్చును. ఈ సంవత్సరపు తుపానులు రాకమున్నే మన పాఠకులు ఈ మాటను మనసున నుంచుకొందురుగాక.