అడవి వాకిట అనుమతి పత్రం

కార్తీక మాసం సమీపిస్తున్నదంటే మన కాలనీలలో వనభోజనాల ప్రస్తావన మొదలవుతుంది. వర్షాకాలమంతా మూసి ఉంచిన అభయారణ్యాలు సందర్శకులకు తిరిగి తెరుచుకునేదీ దాదాపు ఆ రోజులలోనే. కనుక రాయపూర్‌లోని తెలుగు కుటుంబాలు ఉసిరిక చెట్టు నీడను వెదుక్కుంటూ అడవివైపు చూడడం సహజం. ఆ సందర్భంలో ఏటేటా మాకు వినవచ్చే ప్రశ్న ఒకటున్నది: "అడవి ప్రభుత్వానిది, ప్రభుత్వం ప్రజలది. మరి అడవిలోకి పోవడానికి పాసు ఎందుకండీ?" ప్రశ్న సహేతుకమైనదే. అందుచేత ఈ నెల దానిని గురించే ముచ్చటించుకుందాం.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర విస్తీర్ణంలో సుమారు 44 శాతం అటవీ భూమిగా నమోదై ఉన్నది. అయితే ఈ అడవులన్నీ చట్టం దృష్టిలో ఒకే కోవకు చెందినవి కావు. 1927 నాటి భారత అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవి వేరు, రక్షిత అడవి వేరు. రిజర్వు అడవిలో అనుమతించినవి తప్ప మిగిలినవన్నీ నిషిద్ధాలు. రక్షిత అడవిలో నిషేధించినవి తప్ప మిగిలినవన్నీ అనుమతులు. ఈ రెండింటికీ మించిన కట్టుబాట్లు గలవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రిందికి వచ్చే అభయారణ్యాలు, జాతీయోద్యానాలు. మనవారు సాధారణంగా వెళ్ళేది వీటికే.

ఉదాహరణకు మన రాయపూర్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బార్‌నవాపారా అభయారణ్యాన్ని తీసుకుందాం. బార్, నవాపారా అనే రెండు పల్లెల పేర్లు కలిసి దానికి ఆ పేరు వచ్చినది. 1976లో అభయారణ్యంగా ప్రకటించినారు. విస్తీర్ణం సుమారు 245 చదరపు కిలోమీటర్లు. టేకు, సాల, వెదురు వనాల మధ్య చుక్కల దుప్పులు, అడవి దున్నలు, ఎలుగుబంట్లు, చిరుతలు సంచరిస్తూ ఉంటాయి.

ఇటువంటి చోట అనుమతి లేకుండా ప్రవేశించగలవారు ఎవరో చట్టంలోని 27వ సెక్షను చెబుతుంది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి, లోపల నివసించడానికి అనుమతి పొందినవారు, లోపల స్థిరాస్తి హక్కు గలవారు, వీరిపై ఆధారపడినవారు, అభయారణ్యం మీదుగా పోయే ప్రజా రహదారిపై ప్రయాణించేవారు. మిగిలిన అందరికీ 28వ సెక్షను క్రింద పర్మిట్టు అవసరం. వన్యప్రాణుల అధ్యయనం, ఛాయాగ్రహణం, శాస్త్ర పరిశోధన, విహారయాత్ర, లోపలి నివాసులతో న్యాయమైన వ్యవహారం ఉన్నవారు దానిని కోరవచ్చు. గేటు దగ్గర మనం రుసుము చెల్లించి తీసుకునే చీటీ ఈ సెక్షను సంతానమే. రహదారిపై బస్సులో సాగిపోయేవారికి చీటీ అక్కరలేదు. దారి విడిచి చెట్లలోకి అడుగుపెట్టితే మాత్రం అవసరం.

ఇక "ఎందుకు" అన్న ప్రశ్న. విద్యుత్ విభాగంలో పనిచేసే మాకు దీనికి సమాధానం మన లైన్ల మీదనే దొరుకుతుంది. లైను ఎక్కబోయే మనిషి ముందుగా ఎల్.సి. తీసుకుంటాడు. సబ్‌స్టేషన్‌లో ఫీడరును విడదీసి, ఎర్తు చేసి, రిజిస్టరులో పేరు, వేళ వ్రాసి, బ్రేకరు హ్యాండిలుకు చీటీ వ్రేలాడదీస్తారు. ఆ మనిషి దిగివచ్చి తన ఎల్.సి. తాను తిరిగి అప్పగించేవరకు ఎవరు చెప్పినా లైను ఛార్జి చేయరు. ఒకే లైనుపై రెండు ముఠాలు పనిచేస్తుంటే ఇద్దరి ఎల్.సి.లూ తిరిగి రావాలి. ఎల్.సి. పరమార్థం అనుమతి ఇవ్వడంలో సగమే, తిరిగి తీసుకోవడంలో మిగిలిన సగం. పైన ఒక మనిషి ఉన్నాడన్న సంగతి క్రింద ఒకరికి తెలిసి ఉండడమే దాని ప్రాణం.

అడవి పాసు కూడా అటువంటిదే. ఎందరు లోపలికి వెళ్ళినారు, ఏ వాహనంలో, ఏ గైడుతో, ఎప్పుడు తిరిగి రావాలి అన్న వివరాలు గేటులో ఉంటాయి. చీకటి పడే వేళకు ఒక బండి రాకపోతే వెదకడానికి ఆ కాగితమే ఆధారం. పేరు వ్రాయించకుండా ప్రక్క దారిన దూరిన వాని కోసం వెదకేవారు ఎవరు? కనుక మన వినోద సంఘాలవారు యాత్రకు ఏర్పాటు చేసేటప్పుడు ముందుగా అనుమతి పొందాలి. ప్రతి పెద్దవారి గుర్తింపు కార్డు వెంట ఉండాలి. పిల్లలతో సహా తలలు లెక్కించి వ్రాయించాలి. వచ్చేటప్పుడు మళ్ళీ లెక్కించాలి.

వనభోజనాల విషయమై గృహిణులకు ఒక మనవి. అభయారణ్యంలో ప్రమాదం కలిగే విధంగా నిప్పు రాజేయడం 30వ సెక్షను ప్రకారం నేరం. రాలిన ఆకులలో ఒక్క నిప్పురవ్వ చాలు. పులిహోర, దద్ధ్యోజనం ఇంటివద్దనే సిద్ధం చేసుకుని, అటవీ సిబ్బంది చూపిన చోటనే కూర్చుని ఆరగించడం ఉత్తమం. చెట్టు క్రింద నాలుగు ఉసిరికాయలు కనిపించినా కొంగున కట్టుకుని రాకూడదు. అటవీ ఫలసాయాన్ని అనుమతి లేకుండా తరలించడానికి వీలులేదని 29వ సెక్షను శాసిస్తున్నది.

ఇంతవరకు చెప్పినది సందర్శకుల మాట. నాణేనికి రెండవ ముఖం కూడా చూడకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. మనకు అడవి ఒకనాటి విహారం. అక్కడ పుట్టి పెరిగినవారికి అది వంటచెరకు, పశువుల మేత, ఇప్పపువ్వు, తునికాకు, సారపప్పు. అటువంటివారిని కూడా ఒకప్పుడు చీటీ అడిగినారు. మన పల్నాటి రైతులు అడవిలో పశువులను మేపుకోవడానికి పుల్లరి చెల్లించవలసి వచ్చినది. దానిని ధిక్కరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలియైన గాథ మన పిల్లలు పాఠాలలో చదువుకున్నదే. సరిగ్గా ఆ దినాలలోనే, 1922 జనవరిలో, ఇక్కడి ధమ్తరి ప్రాంతపు సిహావా‌-నగరీ ప్రజలు అడవి శాసనాలను ఉల్లంఘించి జంగిల్ సత్యాగ్రహం చేసినారు. వందల మైళ్ళ దూరాన ఉన్న ఈ రెండు ప్రాంతాల ప్రజల ఆవేదన ఒక్కటే: తాతతండ్రుల నాటి అడవికి చీటీ అడగవలసిన అగత్యం ఏమిటని.

ఆ ప్రశ్నకు చట్టం సమాధానం చెప్పడానికి ఎనభై ఏళ్ళకు పైగా పట్టినది. 2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం గిరిజనులకు, తరతరాలుగా అడవిపై ఆధారపడిన ఇతరులకు వెదురు, తేనె, లక్క, తునికాకు వంటి చిన్నతరహా అటవీ ఫలసాయంపై హక్కును గుర్తించినది. దానిని తరలించే అనుమతి పత్రాలను గ్రామసభ ఆమోదంతో గ్రామ కమిటీయే జారీ చేయవచ్చునని 2012లో నియమాలను సవరించినారు. చీటీ అడిగే చేయి చీటీ ఇచ్చే చేయి అయినదన్నమాట! 2019లో అదే నగరీ ప్రాంతంలోని జబర్రా గ్రామానికి 5 వేల హెక్టార్లకు పైబడిన అడవిపై సామూహిక అటవీ వనరుల హక్కు లభించినది. 1922లో సత్యాగ్రహం జరిగిన నేలకు ఇది చాలినంత కాకపోయినా ఉచితమైన గౌరవమే.

కాగితంపై హక్కు వచ్చినంత మాత్రాన అది అందరి చేతికీ అందినట్లు కాదు. ఆ మాట ప్రభుత్వ రంగ సంస్థలవారమైన మనకు మరింత గుర్తుండాలి. అటవీ భూమి మీదుగా ఒక లైను లాగాలన్నా, గని త్రవ్వాలన్నా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం క్రింద కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. ఆ చట్టానికి 2023లో పేరు మారినది గాని, ఈ మూల నియమం కొనసాగుతున్నది. అనుమతుల ఆలస్యాన్ని గురించి మన కార్యాలయాలలో విసుక్కోవడం కద్దు. పని ఆగితే ఖర్చు పెరుగుతుందన్నది నిజమే. కాని ఆ ఫైలులో ఎక్కడో ఒక పల్లెవారి ఇప్పచెట్లు కూడా ఉంటాయి. వాటిని లెక్కించడానికి పట్టే కాలాన్ని వృథా అనడం న్యాయం కాదు.

కాబట్టి ఈ ఏడు అడవికి వెళ్ళే సోదర సోదరీమణులకు మేము విన్నవించేది ఇదే. గేటు దగ్గర చీటీ కోసం నిలబడినప్పుడు దానిని అడ్డంకిగా భావించవద్దు. మన క్షేమానికి అది ఎల్.సి. వంటిది. అదే దారిలో తలపై గంపతో ఏ చీటీ లేకుండా నడిచిపోయే గ్రామీణ మహిళను చూచి "ఆమెకు లేని నియమం మాకెందుకు?" అనవద్దు. ఆమె వెనుక ఒక శతాబ్దపు పోరాటమున్నది. మనం అతిథులం, ఆమె ఇంటి మనిషి. అతిథి వాకిట ఆగి పిలుపు అందుకుని లోపలికి రావడం మన సంప్రదాయమే కదా.