ఆర్‌సీ పుస్తకంలో లేని ఓనర్లు
మొన్న మా వీధి మలుపులో ఓ తెల్ల అంబాసిడర్ ఆగింది. టీకొట్టు దగ్గరున్న వాళ్లు గ్లాసులతో సహా దాని చుట్టూ చేరారు. ‘మాకూ ఉండేది’ అన్నారు ముగ్గురు. కూపీ లాగితే ఒకరిది మేనమామ కారు, ఒకరిది నాన్నగారి ఆఫీసు కారు, మూడోది అక్క పెళ్లికి అద్దెకు తెచ్చిన కారు! అబద్ధమని నేననను. ఉత్తరపారాలో 2014లో తయారీ ఆగిపోయిన ఆ బండికి పాత మోడళ్లలో గేరు స్టీరింగు పక్కనే ఉండేది, ముందు సీటు బల్లలా ఒకటే. అంటే ముందు ముగ్గురు, వెనక లెక్కలేదు. మధ్యలో ఇరుక్కున్న నాకు, గేరు మారినప్పుడల్లా నాన్న మోచెయ్యి భుజానికి తగిలేది. ఆ తాకిడే నా వాటా. ఇప్పటి కార్లో ఎవరి సీటు వారిది, ఎవరి బెల్టు వారిది, క్షేమమే, కాదనను. కానీ రేపు దాన్ని చూసి ‘మాది’ అనేది ఈఎంఐ కట్టినవాడొక్కడే. అందుకే పాత కారు కనిపిస్తే ఏ సంవత్సరం మోడలని అడగను. ముందు సీట్లో మధ్యన ఎవరు కూర్చునేవారని అడుగుతాను. అసలు ఓనరు వాడే.