కిన్నెరకు కద్ర్‌దాన్ ఎవరు?

వాయిద్యము బ్రతుకవలెనన్న వాయించువాడొక్కడు చాలడు. దానిని చేయు చేయి ఉండవలెను. చేసినదానిని వెలయిచ్చి కొను ఇల్లు ఉండవలెను. మన పాలమూరు కిన్నెర చరిత్రను తలచినప్పుడెల్ల ఈ మాటయే మాకు స్ఫురించుచున్నది.

కిన్నెర డక్కలి కళాకారుల సొత్తు. వెదురుబొంగు దాని వెన్నెముక. ఎండిన సొరబుర్రలు దాని గుండెలు. బొంగుపై మెట్లను తేనెమైనముతో నిలిపి తంత్రులను బిగింతురు. పూర్వము మెట్లకు అలుగు పెంకులను వాడెడివారందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అలుగును కాపాడుచున్నది గనుక నేడు ఆ పెంకుల జోలికి పోరాదు. వాయించువాడే దీనిని తయారు చేసికొనును. వెదురును ఎంచుట, బుర్రను ఎండించుట, మెట్టుకు మెట్టుకు ఎడమును చెవితో నిర్ణయించుట ఏ గ్రంథమునందును నేర్చినవి కావు. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినవి.

ఈ విద్యకు గౌరవము దక్కలేదని అనజాలము. నాగర్‌కర్నూల్ ప్రాంతపు దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడి, 2022లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిరి. అయినను 2024లో వారు కూలిపనికి పోవుచున్నారని పత్రికలలో చదివి మనమందరము నొచ్చుకొంటిమి. నొచ్చుకొనుట సులభము, కారణము వెదకుట కష్టము.

మాకు తోచిన కారణమిది. డక్కలివారు కులాశ్రితులు. కథ చెప్పి, వంశావళి పాడి, ఇచ్చిన ధాన్యము పుచ్చుకొని మరియొక ఊరికి సాగెడివారు. వారికి పాట జీవనాధారమైనది గాని, కిన్నెర అంగడి సరుకు కాలేదు. ఆశ్రయము సడలగానే పాటకు గిరాకి తగ్గినది. దానితోపాటు చేతిపనియు మూలబడినది.

ఇతర తావులలో ఏమి జరిగినది? బొబ్బిలి సమీపమున గొల్లపల్లి శిల్పులు ఒకే పనస మ్రానును తొలిచి అతుకులేని ఏకాండి వీణను చెక్కుదురు. సంస్థానము పోయినను ఆ పని పోలేదు. పెద్ద వీణను సంగీత విద్యార్థి కొనుచున్నాడు. చిన్న వీణను సభలలో జ్ఞాపికగా ఇచ్చుచున్నారు. మహారాష్ట్రలోని మిరజ్‌లో, ఆయుధములకు పదునుపెట్టు వృత్తిలోనున్న ముస్లిం కుటుంబములు పందొమ్మిదవ శతాబ్దిలో సితారు, తంబూరాల పనికి మళ్ళినవి. తున్ కర్రతోను, పెద్ద సొరబుర్రలతోను వారు చేయు ఆ వాయిద్యములకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ రెండు ఊళ్ళను నిలిపినది జాలి కాదు, బేరము.

కిన్నెరను అమ్మకమునకు పెట్టినచో అది ఆటబొమ్మగా దిగజారునని కొందరు శంకింపవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. కాని బొబ్బిలిలో చిన్న వీణ పెద్ద వీణకు అన్నము పెట్టుచున్నది గదా! మా భయము వేరు. రేపు కిన్నెరకు మోజు పుట్టి, ఎక్కడనో యంత్రముపై కోసిన నకళ్ళు దుకాణములకెక్కి, ఆ లాభములో డక్కలి ఇంటికి ఒక్క రూపాయియు చేరకుండుట అంతకంటె అన్యాయము. కావున కొనుగోలు తయారుచేయు చేతినుండియే జరుగవలెను.

మన ఉర్దూ మిత్రుల భాషలో ‘కద్ర్‌దాన్’ అను చక్కని మాట యున్నది. విలువ ఎరిగి ఆదరించువాడని దాని అర్థము. చప్పట్లు కొట్టినవాడెల్ల కద్ర్‌దాన్ కాడు. సాయుధ పోరాట కాలమున నల్లగొండ పల్లెలలో తంబూరా మీటి బుర్రకథ చెప్పినవారికి శ్రోతలు కద్ర్‌దానులైరి. నేడు కిన్నెరకు మనము కాలేమా?

కళాశాల సంఘమునకు మా విన్నపము చిన్నది. వార్షికోత్సవమున శాలువలకు, మెమెంటోలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, డక్కలి కళాకారునిచే ఒక కిన్నెరను చేయింపుడు. అడిగిన వెలను బేరమాడక చెల్లింపుడు. ఆ పని విద్యార్థుల యెదుటనే జరుగునట్లు ఏర్పాటుచేసి, ఆ దినములకు బోధకునికి తగిన వేతనము ఇండు. బొంగు పొడవు, బుర్ర చుట్టుకొలత, మెట్ల ఎడము మొదలైనవానిని విద్యార్థులు తెలుగులోను ఉర్దూలోను వ్రాసి గ్రంథాలయమున భద్రపరుపవలెను. ఆ కాగితములపై మొదట ఆ కళాకారుని పేరే ఉండవలెను.

ఒక్క కళాశాల కొన్నంత మాత్రమున ఒక వృత్తి నిలువదని మేమెరుగుదుము. కాని ఉభయ జిల్లాలలోని కళాశాలలు తలకొక కిన్నెరను కోరినచో, ఏదో ఒక ఇంట తండ్రి తన కొడుకును పిలిచి, బుర్ర ఎట్లు ఎండించవలెనో మరల చూపును. మనము కోరునది అంతే.