తూచకుండా చీటీ రాయకండి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

రైల్వేలో చాలా ఏళ్లు పార్సిల్ ఆఫీసులో పనిచేశాను. అక్కడ మొదటి పాఠం, తూకం వేయనిదే చీటీ రాయకూడదు. బస్తాను చూసి "ఇంత ఉంటుందిలే" అని రాసినవాడు ఏదో ఒకరోజు జేబులోంచి కట్టుకోవాలి. పిల్లలకు పెట్టే ప్రభుత్వ ఖర్చూ అంతే.

మన తమిళనాడుకు ఈ సంగతి ముందే తెలుసు. 1980లో మధురై జిల్లాలో మొదలైన పోషకాహార పథకంలో మూడేళ్లలోపు బిడ్డల్ని నెలనెలా తూచేవారు. బరువు సరిగా పెరగని బిడ్డకు అదనపు ఆహారం ఇచ్చి, కోలుకున్నాక ఆపేవారు. డబ్బు ఎవరికి చేరాలో తక్కెడే చెప్పింది. తర్వాత 1982లో ఎం.జి.ఆర్. సత్తుణవు పథకం, 2022లో బడిలో ఉదయం టిఫిను వచ్చాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో నూటికి 35కు పైగా, ఆంధ్రలో 31, మన దగ్గర 25. సంతోషమే. కానీ అదే సర్వేలో మన రాష్ట్రంలో రక్తహీనత ఉన్న పిల్లలు నూటికి 57. అంతకు ముందు సర్వేలో 51. ఒక్క అంకె చూసి చప్పట్లు కొడితే రెండోది మరుగున పడుతుంది.

2018లో కేంద్రం వెనకబడిన జిల్లాలను ఎంచి, వాటి ప్రగతిని కొలవడం మొదలుపెట్టింది. మన రాష్ట్రం నుంచి రామనాథపురం, మనవాళ్లు ఎందరో ఉన్న విరుదునగర్ అందులో ఉన్నాయి. మార్కుల్లో ఆరోగ్యం, పోషణకు 30 శాతం, చదువుకు 30 శాతం. మంచి పద్ధతే. అయితే జిల్లా అంకె కూడా సగటే. రైళ్ల ఆలస్యం సగటున పది నిమిషాలే అని రాసుకోవచ్చు. మూడు గంటలు ఆలస్యమైన బండిలో కూర్చున్నవాడికి ఆ సగటుతో ఏం పని? అందుకే యూనియన్ వారీగా, అంగన్‌వాడీ వారీగా లెక్కలు బయట పెట్టాలి.

ఇంకో మాట. తక్కువ అంకె చూపిన చోటికి మెమో పంపితే, మరుసటి నెల రిజిస్టరులో బిడ్డలందరూ బొద్దుగా ఉంటారు. అక్కడికి వెళ్లాల్సింది మెమో కాదు, డబ్బు, మనుషులు.

మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఒకటో తరగతిలో పంతులు పిల్లి బొమ్మ చూపించి ఏమిటని అడిగారు. "పిల్లి" అన్నాను. క్లాసంతా నవ్వింది. తమిళంలో "పూనై" అనాలని నాకు తెలియదు. ఆ రోజు నన్ను ఎవరైనా కొలిచి ఉంటే మందబుద్ధి అని రాసేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు మాటలు వచ్చాయో లేదో చూసేటప్పుడు ఇంటి భాషలో కూడా అడగాలి. లేకుంటే ఆ అంకె తప్పు, దానిని నమ్మి పెట్టే ఖర్చూ తప్పు.

ఉగాది పందిరి లెక్కలు పైసాతో సహా చూసుకునే సంఘం మనది. ఈ నెలలో ఎవరి పేటలోని అంగన్‌వాడీకి వారు ఒకసారి వెళ్లిరండి. తక్కెడ పనిచేస్తోందా, టీచరు పోస్టు ఖాళీగా ఉందా, తెలుగు ఇళ్ల పిల్లలు ఎందరు? ఈ మూడూ రాసి తెండి. వాటితోనే కలెక్టరుకు మహజరు ఇద్దాం.